బేసి వాక్యాలు బావగారివి

పోయిన వారం మనం రత్నమణిని చర్చి వెనక గదిలో, చాప మీద, ఒళ్లో పరీక్ష అట్టతో వదిలేసి వచ్చేశాం. ఆమె మాత్రం మనలా లేచి వెళ్లిపోలేదు. మూడు గంటలూ కూర్చుని, అడిగి మరీ రెండు అదనపు కాగితాలు తీసుకుని, ఆఖరి ప్రశ్న దాకా రాసి కూతురి చేతిలో పెట్టింది. "బేగి దిద్దీయే రాచెల్, మీ నాన్నకి సూపించాలి" అంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకి ఈ గొడవేమిటో చెప్పకుండా ముందుకు పోవడం నాకిష్టం లేదు. రత్నమణికి నలభై మూడేళ్లు. నర్సీపట్నంలో ఒక అంగన్‌వాడీ కేంద్రంలో పదహారేళ్లుగా ఆయా. గుడ్లు ఉడకబెట్టేది, ముక్కులు తుడిచేది, ఏడ్చే పిల్లని ఎత్తుకునేది, టీచరమ్మ రాని రోజు పాట చెప్పేది కూడా ఆమే. ఆ టీచరమ్మ జూన్‌లో రిటైరవుతోంది. "నీ దగ్గర పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే ఆ కుర్చీ నీదే రత్నమణీ. లేకపోతే బయటివాళ్లొస్తారు, నేనేం చెయ్యలేను" అని సూపర్‌వైజరమ్మ తేల్చి చెప్పేసింది. అందుకని రత్నమణి ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకుంది. తెలుగూ, లెక్కలూ ఎలాగో గట్టెక్కుతాయి. సైన్సు, సోషల్ దగ్గరే ఆమెకి చెమటలు పడుతున్నాయి.

ఆ రెండూ చెప్పే బాధ్యత ఆమె భర్త బెన్హర్‌కి అన్నగారైన జ్ఞానరాజు మేష్టారు నెత్తినేసుకున్నారు. అరవై ఆరేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో నీలం పెన్ను, చంకలో గొడుగు. మిషన్ బళ్లో ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ముప్పై ఏళ్లుగా సండే స్కూలు నడుపుతున్నారు, ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆయనే. నాలుగు నెలలుగా తెల్లారి ఐదున్నరకి ఆ ఇంట్లోంచి రెండు గొంతులు వంతులవారీగా వినిపిస్తున్నాయి. పక్కింటి కొండలమ్మ అలారం పెట్టుకోవడం మానేసింది.

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న రాచెల్‌కి మాత్రం మొదటి నుంచీ అనుమానమే. అందుకే అసలు పరీక్షకి తొమ్మిది రోజుల ముందు, తనే ఒక ప్రశ్నపత్రం తయారు చేసి తల్లిని కూర్చోబెట్టింది. "పెట్టు, పెట్టు. నా శిష్యురాలికి నూటికి తొంభై తగ్గితే నా గొడుగు నీకిచ్చేస్తాను" అని మేష్టారు నిండు సంఘం ముందు అన్నారు. ఎండకీ వానకీ ఆయన చంక దిగని గొడుగు అది, పాత పాఠకులకి గుర్తుండే ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం. కోడికూర, చారు, ఆ మీదట ఇంటి ముందు గదిలో ఫ్యాను. మేష్టారు భోంచేసి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. బెన్హర్ తన గూడ్స్ ఆటో సీటు విప్పి వాకిట్లో ఎండబెడుతున్నాడు. రత్నమణి గుమ్మంలో కూర్చుని చేతులు కొంగుకి తుడుచుకుంటోంది, చేతులు ఎప్పుడో ఆరిపోయినా సరే. రాచెల్ ఎర్ర పెన్ను పట్టుకుని మొదటి పేజీ చదివింది. మళ్లీ చదివింది. తిప్పి వెనక పేజీ చూసింది.

"అమ్మా, ఇదేటి?"

"ఏటయింది? జీర్నక్రియే కదా. మొత్తం రాసీసాను."

"నేను సదువుతాను, నువ్వు ఇను." రాచెల్ గొంతు సవరించుకుంది. "అందులోని ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. అక్కడ అది ఆమ్లంతో కలిసి మూడు నాలుగు గంటలు చిలకబడుతుంది. ఇది కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొడుతుంది. మిగిలిన వ్యర్థం బయటికి పోతుంది." కాగితం దించింది. "అయిపోయింది. దేనిలోని ఎంజైమే? ఎక్కడ చిలికీది? ఏది విడగొట్టీది? తిన్న మనిసెవరో, తిన్నదేటో కూడా నేదు. డైరెక్టుగా బయటికి పంపించీసావు."

బెన్హర్ వాకిట్లోంచే పకపకా నవ్వాడు. రత్నమణి అతని వైపు ఒక చూపు చూసింది, అతను సీటు వైపు తిరిగిపోయాడు.

"అంతే ఉంటాది. నాను రోజూ అదే సెప్తన్నాను" అంది రత్నమణి, కొంచెం కోపంగానే.

రాచెల్‌కి ఏం అర్థం కాలేదు. సోషల్ కాగితం తీసింది. అక్కడా అదే వరస. నల్లరేగడి నేలల ప్రశ్నకి జవాబు "అందువల్ల ఎండాకాలంలో పగుళ్లు వస్తాయి" అని మొదలైంది. ఎందువల్లో రాయలేదు. రాచెల్ మళ్లీ సైన్సు కాగితం దగ్గరికి వచ్చి, ఈసారి ఒక్కో వాక్యం మెల్లగా పైకి చదవడం మొదలుపెట్టింది.

"అందులోని ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది."

"నలిగిన ఆహారం ఆహారవాహిక గుండా జీర్ణాశయం చేరుతుంది" అని వినిపించింది కుర్చీలోంచి.

అందరూ అటు చూశారు. మేష్టారి కళ్లు మూసే ఉన్నాయి. చేతులు పొట్ట మీద ఉన్నాయి.

రాచెల్ తర్వాతి వాక్యం చదివింది. "అక్కడ అది ఆమ్లంతో కలిసి మూడు నాలుగు గంటలు చిలకబడుతుంది."

"చిన్నపేగులోకి వచ్చాక కాలేయం నుండి పైత్యరసం వచ్చి కలుస్తుంది" అన్నారు మేష్టారు, నిద్రలోనే, చర్చిలో చదివే రాగంతో.

"ఇది కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొడుతుంది."

"జీర్ణమైన సారాన్ని పేగు గోడలు పీల్చుకుంటాయి."

"మిగిలిన వ్యర్థం బయటికి పోతుంది" అని రాచెల్, రత్నమణి ఇద్దరూ కలిసే అన్నారు.

అప్పుడు అర్థమైంది. చర్చిలో ఉత్తరప్రత్యుత్తర పఠనం ఎలా జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. ముందు నిలబడిన పెద్ద ఒక వాక్యం చదువుతాడు, కూర్చున్న సంఘం తర్వాతి వాక్యం చదువుతుంది, మళ్లీ పెద్ద, మళ్లీ సంఘం. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ మేష్టారు సైన్సు గైడుని కూడా అలాగే చదివించారు. ఒకటో వాక్యం ఆయనది, రెండోది ఆమెది. నాలుగు నెలలు, ఒక్క రోజు నాగా లేకుండా. రత్నమణి తన వంతు వాక్యాలన్నీ అక్షరం పొల్లుపోకుండా నేర్చేసుకుంది. బేసి వాక్యాలు మాత్రం బావగారివి. అవి నేర్చుకోవాలని ఆమెకెవరూ చెప్పలేదు.

రాచెల్ ముందు నవ్వింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. "నువ్వూ పెదనాన్నా ఒకే బెంచీ మీద కూకుని సెరో వాక్యం రాస్తే నూటికి నూరూ వచ్చీనమ్మా" అంది.

ఆ నవ్వుకి మేష్టారు మేలుకున్నారు. సంగతి విన్నారు. కాగితం చేతికి తీసుకుని చూశారు. మార్కుల దగ్గర ఎర్ర పెన్నుతో ఇరవై రెండు అని ఉంది. పాసవ్వాలంటే ముప్పై ఐదు.

"ఇది పద్ధతి లోపం కాదు. ఇంకా వల్లె వెయ్యాలి. రేపట్నుంచి రెండు పూటలా చదివిద్దాం" అన్నారాయన.

"ఇంకెన్ని సార్లు పెదనాన్నా? నాలుగు నెల్లు ఒకటే పుస్తకం, ఒకటే వరస, ఒకటే రాగం. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే అమ్మకి నోరు రావట్లేదు. సదివింది మూసి రాయించాలి. కలిపి కలిపి అడగాలి. ఇంకోళ్లకి సెప్పించాలి. బొమ్మ గీయించాలి. ఒక్క దారే పట్టుకుంటే ఎలాగ?"

"మేమందరం ఇలాగే చదువుకున్నాం."

"మీరు సదువుకున్నారు, మీకు వచ్చింది. అమ్మకి రావట్లేదు కదా."

ఆ మాటకి మేష్టారి మొహం ఎందుకో మారిపోయింది. తిడతారేమో అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఆయన తిట్టలేదు. గొడుగు తీసి గోడకి ఆనించారు. "మాట ఇచ్చాను. ఉంచుకో" అని రాచెల్‌తో చెప్పి, ఆ మండుటెండలో ఉత్త తలతో నడిచి వెళ్లిపోయారు.

రత్నమణి కూతుర్ని ఆ రోజంతా పలకరించలేదు. అది రాచెల్ మీద కోపం కాదు, భయం. ఇరవై రెండు అన్న అంకె ఆమెకి గుండెల్లో గుచ్చుకుంది. జూన్‌లో ఎవరో కొత్తమ్మాయి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని "ఆయమ్మా, మంచినీళ్లు" అంటుంది. తను తెస్తుంది. ఇంకో పదహారేళ్లు తెస్తూనే ఉంటుంది. రాత్రి అన్నం తినకుండా పడుకుని, సోమవారం పొద్దున్నే కూతురి మంచం దగ్గర నిలబడి లేపింది.

"నెగు. ఏటి సెయ్యాలో సెప్పు. ఏడు రోజులే ఉన్నాయి."

రాచెల్ చెప్పినవి చాలానే ఉన్నాయి గానీ, ఆ మాటలన్నీ రత్నమణి చేతిలో పడి వేరే వేషం వేసుకున్నాయి. ప్రశ్నలు చీటీల మీద రాసి పెట్టుకోమంది కూతురు. చీటీలు ఎక్కడ పెట్టాలి? అంగన్‌వాడీలో గుడ్ల ట్రేలు ఖాళీవి గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి, ఒక్కోదానికి ముప్పై గుంటలు. రత్నమణి మూడు ట్రేలు తెచ్చుకుంది. చీటీ మడిచి గుంటకొకటి పెట్టింది. చూడకుండా ఒకటి తీసి, పుస్తకం మూసి, జవాబు మొత్తం చెప్పాలి. తడబడకుండా వస్తే చీటీ మూడో ట్రేలోకి పోతుంది. నసిగితే రెండో దాంట్లోకి. రాకపోతే మొదటి దాంట్లోనే ఉంటుంది. మొదటి ట్రే పూటపూటకీ, రెండోది రోజూ రాత్రి, మూడోది రెండు రోజులకోసారి. సైన్సూ సోషలూ కలిపేసింది. పేగు తర్వాత నల్లరేగడి, నల్లరేగడి తర్వాత కటకం, కటకం తర్వాత పంచాయతీ.

మొదటి రోజు మొదటి ట్రే నిండా చీటీలే. "ఒక్కటీ పొదగలేదే" అన్నాడు బెన్హర్ అన్నం కలుపుకుంటూ. మంగళవారానికి పదకొండు కదిలాయి. బుధవారం రాత్రి రత్నమణి గబగబా పంతొమ్మిది లెక్కపెట్టి, ఎవరూ చూడట్లేదనుకుని చిన్నగా చప్పట్లు కొట్టుకుంది.

జీర్ణక్రియ చీటీ మాత్రం మొదటి ట్రేలోంచి కదలనంది. తన వాక్యాలూ బావగారి వాక్యాలూ కలిపి చెప్పబోతే మధ్యలో ఎక్కడో తెగిపోతోంది. కాలేయం ముందా, చిన్నపేగు ముందా? పైత్యరసం ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఉంటుంది? గురువారం పొద్దున్న టీచరమ్మ మీటింగుకి వెళ్తే, రత్నమణి సుద్దముక్క తీసుకుని అంగన్‌వాడీ వరండా గచ్చు మీద ఒక పెద్ద నోరు గీసింది. నోటి నుంచి సన్నటి దారి, దారి చివర సంచీ, సంచీ నుంచి వంకర్లు తిరిగిన పేగు, వరండా ఆ చివర దాకా.

"రండి రా గుంటలూ. మీరందరూ అన్నం ముద్దలు. ఒకొక్కరే నోట్లోంచి బయల్దేరండి."

పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి. పద్దెనిమిది అన్నం ముద్దలు కేకలేసుకుంటూ లోపలికి దూరాయి. జీర్ణాశయంలో ఆగి గిరగిరా తిరగాలి. పేగులో మెల్లగా నడవాలి. నాలుగేళ్ల చిట్టితల్లి అందర్నీ తోసుకుంటూ ముందు పరుగెత్తి, చివర గీత దగ్గర ఆగి, "ఆయమ్మా, ఇప్పుడు నాను ఎటెల్లాలి?" అని అడిగింది. రత్నమణి ఎటో చెప్పింది. ఆ తర్వాత ఐదు నిమిషాలు వరండా మీద ఎవ్వరూ నిలబడలేదు, అందరూ దొర్లి నవ్వుతున్నారు.

చిట్టితల్లిని తీసుకెళ్లడానికి వచ్చిన దాని అమ్మమ్మ గున్నమ్మ మెట్ల దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. ఆమె గొలుగొండ అవతల కొండ మీది మనిషి. కొండచీపుర్లు, చింతపండు తెచ్చి సంతలో అమ్ముతుంది, కూతురింట్లో నాలుగు రోజులుండి మళ్లీ ఎక్కిపోతుంది. చీపుర్ల కట్ట దించి, గచ్చు మీది బొమ్మని ఆ కొస నుంచి ఈ కొసకి చూసింది.

"ఇది మేక కడుపా, మనిసి కడుపా?"

"మనిసిదే గున్నమ్మా. పరీక్షకి సదువుతున్నాను."

"మరి కారిజం ఏదీ? చేదుబుడ్డి ఏదీ?"

రత్నమణి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "చేదుబుడ్డి ఏటి?"

"ఓలమ్మా, ఎప్పుడూ మేకని కొయ్యనేదేటి నువ్వు?" గున్నమ్మ గచ్చు మీద గొంతుకూర్చుని వేలితో చూపించింది. "కారిజం ఇక్కడుంటాది, పక్కగా. దానికింద అంటుకుని పచ్చగా చిన్న బుడ్డుంటాది. కత్తి తగిలి అది పగిలిందా, కూరంతా చేదే. మా ఇంట్లో కోసీవోడికి ముందు అదే సెప్తాం. ఆ చేదు కారిజంలో ఊరతాది, బుడ్డిలో నిలవుంటాది. సన్నపేగులోకి సన్న గొట్టం ఉంటాది, సూడు, ఇలాగ. కొవ్వు పట్టిన మేకకి బుడ్డి పెద్దగుంటాది."

"ఎందుకు పెద్దగుంటాది?"

"నాకేటి తెలుసు? నువ్వు కదా సదువుతున్నావు. నువ్వే సెప్పు."

రత్నమణి చెప్పింది. పుస్తకంలో ఉన్న మాటలతో కాదు, తన మాటలతో. కొవ్వుని విడగొట్టేది ఆ చేదే గున్నమ్మా, గిన్నెకి పట్టిన నూని జిడ్డుని సబ్బు విడగొట్టినట్టు అని చెప్పింది. కాలేయమంటే ఆ కారిజమే, పైత్యరసమంటే ఆ చేదే, పిత్తాశయమంటే ఆ బుడ్డే అని చెప్పింది. గున్నమ్మ ఊ కొడుతూ, మధ్య మధ్య అడ్డం పడుతూ, ఒక దగ్గర "అదబద్దం" అని కూడా అంటూ మొత్తం విన్నది. నోటి నుంచి చివరి గీత దాకా ఒక్క వాక్యం తెగలేదు. రత్నమణికి ఒళ్లంతా తేలికైపోయింది. ఇంటికి పోయేదాకా ఆగలేక, తనతో మోసుకొచ్చిన మొదటి ట్రేలోంచి ఆ చీటీ తీసి, గున్నమ్మ చేతికిచ్చి, "నువ్వే పెట్టు, మూడో ట్రేలో" అంది.

అప్పుడు చూసింది, గేటు అవతల జ్ఞానరాజు మేష్టారిని. నాలుగు రోజులుగా ఇంటి ఛాయలకి రాని మనిషి, నెత్తి మీద తుండుగుడ్డ వేసుకుని ఎండలో నిలబడి, చిన్న నోటుబుక్కులో ఏదో గబగబా రాసుకుంటున్నారు. ఆమె చూడగానే పుస్తకం జేబులో పెట్టేశారు.

"బావగారూ, లోపలికి రండి. ఎండగా ఉంది."

ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నారు. కాసేపు బొమ్మని చూశారు, కాసేపు ట్రేలని చూశారు. "బాగుందమ్మా. రాచెల్ చెప్పింది నిజమే" అన్నారు. ఒప్పుకోవడం ఆయనకి కొత్త. రత్నమణి మంచినీళ్లిచ్చింది.

"ఒక మాటు నన్నూ అడుగు. ట్రేలోంచి తియ్యి" అన్నారాయన గ్లాసు దించి.

"మిమ్మల్నా?"

"ఊరికే. నేను తప్పు చెప్తే దిద్దు. చెప్పడం వల్ల నీకూ వస్తుంది కదా."

ఆమె చీటీ తీసింది. నల్లరేగడి నేలలు. మేష్టారు ఒకటో వాక్యం చెప్పారు, ఆగారు. మూడో వాక్యం చెప్పారు. మధ్యది రాలేదు. రత్నమణికి నవ్వు ఆగలేదు. "మీకూ సగమే వచ్చింది బావగారూ" అంది. ఆయనా నవ్వారు, ఆమె ఎప్పుడూ చూడనంత గట్టిగా. ఆ తర్వాత పిల్లలు పడుకున్న గంటసేపూ ఆమె అడిగింది, ఆయన చెప్పారు. ఆమె దిద్దింది, ఆయన మళ్లీ చెప్పారు. శుక్రవారం కూడా వచ్చారు, శనివారం కూడా. తన వంతుకి ఆయనే ఇంకో రెండు ట్రేలు సంపాదించుకున్నారు. తన కోసం ఇంత శ్రమ పడుతున్నారని రత్నమణి అనుకుంది. మీరూ అలాగే అనుకుంటున్నారని నాకు తెలుసు.

శనివారం సాయంత్రం బెన్హర్ ఆటో డ్యాష్‌బోర్డులోంచి దుమ్ము పట్టిన కవరు తీసి ఇచ్చాడు. "నీ హాల్‌టికెట్టు. మంగళారం స్టడీ సెంటర్‌లో ఇచ్చారు, మర్చిపోయాను. మీ ఇంటివే అని గుమస్తా ఏదో అన్నాడు, నాను సూడనేదు."

"మంగళారం ఇచ్చినది ఇప్పుడా ఇవ్వడం? నువ్వు ఇంజినాయిల్ మాత్రం మర్చిపోవు" అని నాలుగు తిట్టి, రత్నమణి కవరు చింపింది. లోపల రెండు కాగితాలున్నాయి. ఒకటి తనదే. ఫోటోలో కళ్లు పెద్దవి చేసుకుని బెదిరినట్టుంది. నంబరు చివర నలభై ఎనిమిది.

రెండోదాని నంబరు చివర నలభై ఏడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. పేరు జ్ఞానరాజు. పుట్టిన తేదీ చూసి, ఆమె కాగితాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూసింది. పదో తరగతి. అన్ని సబ్జెక్టులూ. అదే పరీక్ష కేంద్రం.

మిషన్ బళ్లో ఉద్యోగం అని అందరూ అనుకునేదే. ఏం ఉద్యోగమో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఒక్కో ముక్కా కలిపి చూసుకుంటే ఆమెకి తెలిసింది, ఆయన గంట కొట్టేవారు, సుద్దముక్కలు పంచేవారు, టీచరు రాని రోజు పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెప్పేవారు. పిల్లలు మేష్టారూ అన్నారు. ఆయన కాదనలేదు. కాదనాల్సిన రోజు దాటిపోయాక, ఆ పేరే ఆయనకి ఇంటిపేరైపోయింది. తమ్ముడు బెన్హర్ అప్పటికి పాలు తాగే పిల్లాడు, వాడికీ తెలీదు. "మీరు సదువుకున్నారు, మీకు వచ్చింది" అని రాచెల్ అన్నప్పుడు ఆ మొహం ఎందుకలా అయిపోయిందో రత్నమణికి ఇప్పుడు తెలిసింది. నాలుగు నెలలు తెల్లారకుండా లేచి వచ్చింది తనకి చెప్పడానికే కాదు. ఆయనా నేర్చుకుంటున్నారు. అడగడానికి ఇంకో మనిషి లేక, తన పక్కన కూర్చుని నేర్చుకుంటున్నారు.

ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఎవరికీ చెప్పకూడదనుకుంది. కానీ సోమవారం పొద్దున్నే పరీక్ష, ఈ కాగితం ఆయనకి చేరాలి. ఇంటికి వెళ్లి చేతికిస్తే ఆ ముసలాయన తల ఎక్కడ పెట్టుకుంటారు? ఆ శనివారం చర్చి ఊడ్చే వంతు రత్నమణిదే. ఆయన ఆరాధన పుస్తకం ఎప్పుడూ అక్కడి బల్ల మీదే ఉంటుంది. ఆదివారం అందరికన్నా అరగంట ముందొచ్చి, ఒక్కరే నిలబడి, వాక్యం ఒకసారి చదివి చూసుకోవడం ఆయన అలవాటు. రత్నమణి ఊడ్చి, తుడిచి, దారప్పోగు పెట్టి ఉన్న పేజీలో ఆ కాగితం మడిచి పెట్టి వచ్చేసింది. ఒంటరిగా ఉన్నప్పుడు చూసుకుంటారు, అంతే చాలు అనుకుంది.

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆదివారం మేష్టారు ఆలస్యంగా వచ్చారు. రాత్రంతా ట్రేలు ముందేసుకుని కూర్చుని తెల్లవారుజామున నిద్రపోయారట. గంట కొడుతుండగా గబగబా లోపలికొచ్చి, చెమట తుడుచుకుని, నేరుగా బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. రత్నమణి ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చుని ఉంది. ఆయన పుస్తకం వైపు చెయ్యి చాచేసరికి ఆమె లేవబోయింది, రాచెల్ కొంగు పట్టుకుని "ఎక్కడికే?" అంది.

సంఘమంతా నిలబడింది. మేష్టారు పుస్తకం తెరిచారు.

కళ్లద్దాల్లోంచి ఆయన తన ఫోటోనే చూస్తున్నారు. పాస్టరుగారు దగ్గారు. వెనక ఎవరో చిన్నపిల్ల ఏడిస్తే తల్లి ఊరుకోబెట్టింది. ఒకటో వాక్యం ఆయనది. ఆయన చదివితే గానీ సంఘం నోరు విప్పదు. ఆయన తలెత్తి వరసల వైపు వెతికినట్టు చూశారు, రత్నమణి దగ్గర ఆగారు. ఎవరు పెట్టారో ఆయనకి తెలిసిపోయింది.

ఇన్నేళ్లుగా ఆ చర్చిలో ఆమె చదివినవన్నీ రెండో వాక్యాలే. రత్నమణి తన పుస్తకం ఎత్తి పట్టుకుంది. ఒకటో వాక్యం చదివింది, మేష్టారి వాక్యం, ఆయన రాగంలోనే.

తలలన్నీ ఇటు తిరిగాయి. "అమ్మా" అంది రాచెల్ కంగారుగా.

మేష్టారు ఒక్క క్షణం తడుముకున్నారు. తర్వాత సంఘం వంతైన రెండో వాక్యాన్ని ఆయన ఒక్కరే చదివారు, చూడకుండా. మూడోది రత్నమణి. నాలుగోది ఆయన. ఐదోదానికి ఆడవాళ్లంతా ఆమెతో గొంతు కలిపారు, ఆరోదానికి మగవాళ్లు ఆయనతో కలిపారు. ఎందుకో తెలియకపోయినా అందరికీ ఉత్సాహమొచ్చేసింది. ఆ రోజు చదివినంత గట్టిగా ఆ సంఘం ఎప్పుడూ చదవలేదని పాస్టరుగారే తర్వాత అన్నారు.

పఠనం అయిపోయింది. అందరూ కూర్చున్నారు. మేష్టారు మాత్రం బల్ల దగ్గరే నిలబడ్డారు. పుస్తకం మూశారు, కాగితం మాత్రం చేతిలో ఉంచుకున్నారు. కళ్లద్దాలు తీసి తుండుగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. మగవాళ్ల వైపు మొదటి వరసలో బెన్హర్ అన్న చేతిలోని కాగితాన్ని గుర్తుపట్టాడు, రత్నమణి హాల్‌టికెట్టు లాంటిదే అది, సగం లేచి నిలబడ్డాడు.

"కూర్చో తమ్ముడూ" అన్నారాయన మెల్లగా. తర్వాత మడత విప్పి, ఫోటో అందరికీ కనబడేలా ఆ కాగితాన్ని పైకెత్తారు. రత్నమణి కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, ఆమె నవ్వుతోంది.

"మీరంతా నన్ను మేష్టారూ అని పిలుస్తారు" అని మొదలుపెట్టారు జ్ఞానరాజు.